అనువాదకులకు ఈమెయిల్ గాలం: మోసమంతా గడువులోనే

క్లుప్తంగా

ఫ్రీలాన్స్ అనువాదకులకు ఎర వేసే ఈమెయిల్ మోసాలు పైకి రకరకాలుగా కనిపిస్తాయి. అవసరానికి మించిన మొత్తంతో చెక్కు, దొంగిలించిన రెజ్యూమే, డబ్బు ఎగవేసే నకిలీ ఏజెన్సీ, వైరస్ దాచిన ఫైలు వీటిలో ముఖ్యమైనవి. లోపలికి వెళ్లి చూస్తే అన్నీ ఒకే చోట నిలబడి ఉన్నాయి. పని చేతులు మారడానికీ, డబ్బు నిజంగా చేతికి రావడానికీ మధ్య ఉండే వ్యవధి ఆ చోటు. మెయిల్‌లో భాషా దోషాలు వెతికే పాత పద్ధతికి విలువ తగ్గిపోయింది. ఆ వ్యవధిలో నష్టభయం ఎవరి నెత్తిన ఉందో చూసుకోవడం అంతకన్నా పనికొస్తుంది.

ఒక మామూలు మెయిల్

ఉదయం ఇన్‌బాక్స్ తెరిచేసరికి ఇలాంటి ఉత్తరం ఒకటి ఉంటుంది. “నమస్కారం. మీ వివరాలు అనువాదకుల డైరెక్టరీలో చూశాను. మా వర్క్‌షాప్ కోసం తయారుచేసిన 14 పేజీల వ్యాసాన్ని మీ భాషలోకి అనువదించాలి. నెలాఖరులోగా అందితే చాలు. పదానికి మీ రేటు ఎంతో చెప్పండి. చెల్లింపు చెక్కు ద్వారా. మీ పూర్తి పేరు, చిరునామా, ఫోను నంబరు పంపితే చెక్కు సిద్ధం చేయిస్తాను.”

చదవగానే తప్పుపట్టడానికి ఏమీ కనిపించదు. బెదిరింపు లేదు, లాటరీ లేదు, దూరపు బంధువు ఎవరో వదిలి వెళ్లిన ఆస్తి ఊసు లేదు. పని ఉందంటున్నారు, రేటు అడుగుతున్నారు. ఈ వృత్తిలో ఉన్నవారికి రోజూ వచ్చే మెయిళ్లలో ఇదీ ఒకటి.

అందులో ఏమేమి లేవో చూస్తే సంగతి బయటపడుతుంది. ‘మీ భాషలోకి’ అన్నారే గాని అది ఏ భాషో చెప్పలేదు. అదే ఉత్తరం కొన్ని వందల మందికి వెళ్లింది కాబట్టి చెప్పడం కుదరదు. నిజంగా పని ఉన్నవారు మొట్టమొదట చెప్పేది ఏ భాష నుంచి ఏ భాషలోకి అన్నదే. గడువు విషయంలో ఇంత ఉదారంగా ఉండటమూ వింతే. అనువాదం అవసరమైన వారిలో చాలామందికి అది నిన్నటికే కావాలి. ఇక్కడ ఇంత తీరిక ఎందుకంటే చెక్కు తపాలాలో ప్రయాణించి చేరాలి మరి. ఎంత రేటు చెప్పినా బేరమాడకుండా ఒప్పుకోవడం, పని సంగతి తేలకముందే ఇంటి చిరునామా అడగడం కూడా ఆ కోవలోవే.

జోడించిన వ్యాసంలోంచి ఒక వాక్యం తీసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే చాలాసార్లు అది ఏ విజ్ఞాన సర్వస్వంలోనో, ఏ సంస్థ వెబ్‌సైటులోనో దొరుకుతుంది. ప్రచురితమైన వ్యాసాన్ని అనువదింపజేసుకోవడంలో తప్పులేదు, అలాంటి అసలు పనులూ వస్తుంటాయి. కానీ ‘మా వర్క్‌షాప్ కోసం తయారుచేసిన’ వ్యాసం ఎనిమిదేళ్ల కిందటే మరొకరి పేరుతో అచ్చయి ఉంటే, ఆ తయారీ ఏపాటిదో అర్థమవుతుంది.

ఈ వృత్తి మీదే కన్నెందుకు?

ఫ్రీలాన్స్ అనువాద వ్యాపారం అపరిచితుల మధ్య నడుస్తుంది. క్లయింటు ఒక దేశంలో, పనిని అతని దగ్గర తీసుకుని అనువాదకుడికి అప్పగించే ఏజెన్సీ ఇంకో దేశంలో, అనువాదకుడు మూడో దేశంలో ఉంటారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా ముఖాలు చూసుకోరు, గొంతు కూడా వినరు. ఏజెన్సీలలో ప్రాజెక్ట్ మేనేజర్లు తరచు మారుతుంటారు కాబట్టి కొత్త పేరుతో మెయిల్ వస్తే ఎవరికీ ఆశ్చర్యం కలగదు.

సైబర్ భద్రత గురించి చెప్పేవారు మొదట వినిపించే హెచ్చరిక ‘తెలియనివారు పంపిన ఫైళ్లు తెరవవద్దు’ అని. బ్యాంకు ఉద్యోగికి ఆ సలహా పనికొస్తుంది. అనువాదకుడికి మాత్రం తెలియనివారు పంపిన ఫైలును తెరవడమే పని. తెరిచి, పదాలు లెక్కపెట్టి, గంటలోపు ధర చెప్పకపోతే ఆ పని వేరొకరికి వెళ్లిపోతుంది. ఆ హెచ్చరికను అక్షరాలా పాటిస్తే దుకాణం మూసుకోవాల్సిందే.

పైగా ఈ వృత్తిలో కనిపించకుండా ఉంటే పని దొరకదు. 1999లో మొదలైన ప్రోజ్, ఆ తర్వాత వచ్చిన ట్రాన్స్‌లేటర్స్‌కేఫ్ వంటి వేదికల్లో అనువాదకులు తమ పేరు, భాషలు, రంగాలు, అనుభవం, చాలాసార్లు పూర్తి రెజ్యూమే అందరికీ కనిపించేలా పెడతారు. క్లయింటు కోసం తెరిచిన ఆ తలుపులోంచి దొంగా వస్తాడు. అతనికి గాలింపు శ్రమ కూడా ఉండదు. భాషల వారీగా, దేశాల వారీగా జాబితా సిద్ధంగా ఉంటుంది.

ఇక చెల్లింపు పద్ధతి. ఇన్వాయిస్ అందిన 30, 45, లేదా 60 రోజులకు డబ్బు ఇవ్వడం ఈ రంగంలో మామూలు. ఒంటరిగా పనిచేసే అనువాదకుడికి లెక్కల విభాగమూ ఉండదు, న్యాయ విభాగమూ ఉండదు. కొన్ని వందల డాలర్ల బాకీ కోసం మరో దేశంలో దావా వేస్తే ఖర్చు బాకీని మించిపోతుంది. ఈ లెక్క మోసగాళ్లకు బాగా తెలుసు. ఒక్కొక్కరి దగ్గర కాజేసేది చిన్న మొత్తమే కాబట్టి ఎవరూ చివరిదాకా వెంటపడరు.

వేరే వృత్తుల్లో మోసం రోజువారీ పనికి భిన్నంగా, ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. ఇక్కడ అది రోజువారీ పని లాగే ఉంటుంది. చిక్కంతా ఇదే.

ఎక్కువొచ్చిన చెక్కు

అన్నింటిలోకీ పాతదీ, ఇప్పటికీ చావనిదీ చెక్కు మోసం. ఒక ఉదాహరణ తీసుకుంటే దాని నడక తెలుస్తుంది.

పని విలువ 500 డాలర్లని ఒప్పందం కుదిరింది. వారం తర్వాత కొరియర్‌లో 2,900 డాలర్లకు చెక్కు వచ్చింది. వెంటనే క్షమాపణ మెయిల్: సెక్రటరీ పొరపాటున ప్రింటింగ్ వారికి ఇవ్వాల్సిన సొమ్ము కూడా కలిపి రాసేసింది. “మీ 500 ఉంచుకోండి, మీకు కలిగించిన ఇబ్బందికి మరో 100 తీసుకోండి, మిగతా 2,300 దయచేసి ఫలానా ఖాతాకు పంపండి, వాళ్లు తొందరపెడుతున్నారు.” చెక్కును బ్యాంకులో వేస్తే రెండు రోజుల్లో ఖాతాలో 2,900 కనిపించింది. ఇక అనుమానం ఏముంది? 2,300 వెళ్లిపోయింది. మరో పది రోజులకో, నెలకో ఆ చెక్కు నకిలీదని తిరిగివచ్చింది. బ్యాంకు మొత్తం 2,900 వెనక్కి తీసుకుంది. పంపిన 2,300 అనువాదకుడి సొంత డబ్బని అప్పుడు తేలుతుంది.

ఖాతాలో సొమ్ము కనిపించడం వేరు, చెక్కు చెల్లడం వేరు. ఈ రెండూ ఒకటేనన్న అపోహ మీదే ఈ మోసం మొత్తం నడుస్తుంది. చెక్కు ఏ బ్యాంకు మీద రాశారో ఆ బ్యాంకు దాన్ని చూసి ఒప్పుకునేలోపే, జమ చేసిన బ్యాంకు ఖాతాదారు మీద నమ్మకంతో సొమ్మును వాడుకోనిస్తుంది. అమెరికాలో 1987లో వచ్చిన చట్టం ప్రకారం కొన్ని రకాల చెక్కుల సొమ్మును మరుసటి పని దినానికల్లా ఖాతాదారుకు అందుబాటులో ఉంచాలి. బ్యాంకులు జనం సొమ్మును రోజుల తరబడి తమ దగ్గరే అట్టిపెట్టుకోకుండా చేసిన మంచి ఏర్పాటిది. ఆ మంచి ఏర్పాటులోనే మోసగాడు సందు వెతుక్కున్నాడు. చట్టం సొమ్మును తొందరగా చూపించమంటుంది. చెక్కు నకిలీదని తేలడానికి మాత్రం దాని సమయం అది తీసుకుంటుంది.

ఇందులో వింత ఏమిటంటే, అనువాదం మోసగాడికి అక్కర్లేదు. పని ఎంతవరకు వచ్చిందని అడగడు, నమూనా చూపించమనడు, పారిభాషిక పదాల మీద అభిప్రాయం చెప్పడు. అతని ప్రశ్నలన్నీ చెక్కు చేరిందా, జమ అయిందా, మిగతాది పంపారా అన్న వాటి చుట్టే తిరుగుతాయి. రాత్రులు కూర్చుని 14 పేజీలు పూర్తి చేసినవారికి డబ్బు పోవడంతోపాటు ఆ శ్రమా వృథా.

దుబాసీల దగ్గరికి ఇదే మోసం వేషం మార్చుకుని వస్తుంది. ఒక కుటుంబమో, వ్యాపార బృందమో రెండు వారాల కోసం వాళ్ల నగరానికి వస్తోంది, రోజుకు నాలుగు గంటలు దుబాసీ కావాలి అని మెయిల్ వస్తుంది. చెక్కులో కారు డ్రైవరుకు ఇవ్వాల్సిన సొమ్మూ కలిపి ఉంటుంది. ఫోనులో మాట్లాడదామంటే తనకు వినికిడి సమస్య ఉందని సమాధానం. ఆ మాట అన్నాక మళ్లీ ఫోను గురించి అడగడానికి మర్యాదస్తులు మొహమాటపడతారు. ఆ మొహమాటమే అతనికి కావాలి.

చెక్కులే వాడని దేశాల్లో ఇదే పని ఆన్‌లైన్ చెల్లింపులతో చేస్తారు. దొంగిలించిన కార్డుతో ఎక్కువ మొత్తం కట్టి, తేడాను వేరే దారిలో వెనక్కి పంపమంటారు. కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేయగానే కట్టిన సొమ్ము రద్దవుతుంది. పేపాల్‌లో వివాదం లేవనెత్తడానికి కట్టినవారికి 180 రోజుల వ్యవధి ఉంటుంది. అంటే చేతికొచ్చిన సొమ్ము ఆరు నెలల దాకా కదిలే అవకాశం ఉన్నట్టే.

ఇంకొక ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. కొన్నిసార్లు వచ్చిన సొమ్ము నకిలీది కాదు, మరో బాధితుడి ఖాతా నుంచి దోచినది. దాన్ని ‘ప్రింటింగ్ వారికి’ పంపిన అనువాదకుడు తనకు తెలియకుండానే దొంగసొమ్ము చేరవేసిన మనిషి అవుతాడు. పోలీసుల దృష్టిలో ఆ ఖాతా బాధితుడిదో, భాగస్వామిదో తేలేసరికి చాలా కాలం పడుతుంది.

పేరు ఒకరిది, పని మరొకరిది

చెక్కు మోసంలో అనువాదకుడే ఎర, అతని జేబే లక్ష్యం. రెజ్యూమే దొంగతనంలో లక్ష్యం ఏజెన్సీ. అనువాదకుడి పేరు అక్కడ పనిముట్టు మాత్రమే.

పద్ధతి సులువైనది. డైరెక్టరీల నుంచి మంచి అనుభవం ఉన్నవారి రెజ్యూమేలు దించుకుంటారు. ఈమెయిల్ చిరునామా మారుస్తారు, కొన్నిసార్లు పేరూ మారుస్తారు. ఆ రెజ్యూమేను వందలాది ఏజెన్సీలకు పంపుతారు. ఏ ఏజెన్సీ అయినా పని ఇస్తే దాన్ని యంత్రానువాదంలో వేసి, వచ్చింది వచ్చినట్టు అప్పగిస్తారు. డబ్బు ఆన్‌లైన్ వాలెట్‌కు వెళుతుంది. క్లయింటు తిట్టి ఫైలు తిప్పి పంపేసరికి ఆ చిరునామా మూగబోతుంది.

అసలు మనిషికి ఈ సంగతి తెలిసేది చాలా ఆలస్యంగా. కొత్త ఏజెన్సీకి దరఖాస్తు పంపితే “మీతో ఇదివరకు మాకు చేదు అనుభవం ఉంది” అని సమాధానం వస్తుంది. తాను ఎన్నడూ పనిచేయని చోట తన పేరు నల్లజాబితాలో ఉంటుంది. పాతికేళ్లు కూడబెట్టుకున్న పేరును ఎవరో తెలియని మనిషి నాలుగు మెయిళ్లతో ఖర్చు పెట్టేశాడన్నమాట.

దొంగ రెజ్యూమేను దగ్గరగా చూస్తే అతుకులు కనిపిస్తాయి. ఈమెయిల్ చిరునామా ఉచిత సర్వీసులో, పేరు పక్కన నాలుగంకెలతో ఉంటుంది. ఫోను నంబరు ఒక దేశానిది, ఇంటి చిరునామా మరో దేశానిది. మాతృభాషలు మూడని రాసి ఉంటుంది. పీడీఎఫ్ ఫైలు వివరాల్లోకి వెళితే రచయిత పేరు వేరే కనిపించవచ్చు. అన్నిటికన్నా ఆసక్తికరమైనది లింగం. ఇటాలియన్, ఫ్రెంచ్ వంటి భాషల్లో స్త్రీపురుషులకు వృత్తి పేర్లూ విశేషణాలూ వేరుగా ఉంటాయి. పైన మగ పేరు పెట్టి లోపల ‘అనువాదకురాలిని’ అని అలాగే వదిలేస్తే, ఆ భాష రానివాడు దాన్ని మార్చాడని వేరే చెప్పాలా? భాషలు తెలిసినవాడినని చెప్పుకునే దొంగను భాషే పట్టిస్తుంది.

అయితే ఆ దొంగను యంత్రం ఆదుకుంటోంది. 2016 నవంబరులో గూగుల్ తన అనువాద సేవను న్యూరల్ (కృత్రిమ నాడీ జాలంతో నేర్చుకునే) పద్ధతికి మార్చింది. 2017 ఆగస్టులో డీప్ఎల్ అనే మరో అనువాద సేవ వచ్చింది. అంతకుముందు యంత్రం చేసిన అనువాదాన్ని మొదటి పేరాలోనే పసిగట్టేవారు. ఇప్పుడది సాఫీగా చదివిస్తుంది. తప్పులు అర్థంలో, పదాల ఎంపికలో దాక్కుంటాయి. అవి బయటపడాలంటే ఆ విషయం తెలిసినవారు మూలంతో పోల్చి చూడాలి. మోసం జరగడానికీ, పట్టుబడటానికీ మధ్య దూరం పెరిగింది. దొంగకు కావలసిందీ ఆ దూరమే.

ఏజెన్సీల ఆచారాలు కూడా కొంత దోహదం చేశాయి. అనువాద సేవల కోసం 2015లో వచ్చిన ఐఎస్ఓ 17100 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అనువాదకుడికి అనువాదంలో డిగ్రీ ఉండాలి, లేదా వేరే డిగ్రీతో రెండేళ్ల పూర్తికాల అనుభవం, అదీ లేకుంటే ఐదేళ్ల అనుభవం ఉండాలి. దానికి ఆధారాలు ఏజెన్సీ దగ్గర ఉండాలి. ఉద్దేశం మంచిదే. కానీ డిగ్రీ పత్రాలు, గుర్తింపు కార్డుల నకళ్లు మెయిల్‌లో పంపడం దీనితో అలవాటైపోయింది. నకిలీ ఏజెన్సీ ‘నమోదు ఫారం’ పంపి అవే పత్రాలు అడిగితే కాదనడానికి కారణం తోచదు. అలా చేరిన పత్రాలతో రేపు దొంగ రెజ్యూమే ఇంకా పకడ్బందీగా తయారవుతుంది.

దొంగ రెజ్యూమేలను, వాటితో వచ్చే ఈమెయిల్ చిరునామాలను నమోదు చేసే ట్రాన్స్‌లేటర్ స్కామర్స్ డైరెక్టరీ వంటి జాబితాలు ఏజెన్సీలకు ఉపయోగపడుతున్నాయి. ఒక ఇబ్బంది ఉంది. దొంగ వాడుకున్నది నిజమైన మనిషి పేరు అయితే, జాబితాను సరిగా చదవనివారి కంటికి ఆ నిజమైన మనిషే దొంగగా కనిపిస్తాడు.

పని తీసుకుని మాయమయ్యే ఏజెన్సీ

ఇది వేరే జాతి మోసం. ఇక్కడ అనువాదం నిజంగా కావాలి, నాణ్యతా కావాలి. అందుకే నకిలీ ఏజెన్సీ ప్రవర్తన అసలు ఏజెన్సీ ప్రవర్తనకు అచ్చుగుద్దినట్టు ఉంటుంది. ఒప్పంద పత్రం పంపుతారు, సవరణలు చెబుతారు, ఇన్వాయిస్ అందిందని ధన్యవాదాలూ తెలుపుతారు. 60 రోజుల గడువు పూర్తయ్యేనాటికి వెబ్‌సైటు ఉండదు. ఈలోగా ఆ అనువాదాన్ని తమ క్లయింటుకు అమ్ముకుని, ఇంకో పేరుతో దుకాణం తెరిచి ఉంటారు. ఎగవేత అనేది 61వ రోజున గాని ఎగవేతగా కనిపించదు. అంతవరకు అది వట్టి గడువే.

మరికొందరు సొంత పేరు పెట్టుకునే శ్రమ కూడా పడరు. పేరున్న ఏజెన్సీ ఇంటర్నెట్ చిరునామా అయిన డొమైన్‌లో ఒక అక్షరం మార్చి కొత్తది కొనుక్కుంటారు. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే చాలా ఫాంట్లలో ‘ఎమ్’లా కనిపిస్తాయి. తెలుగు చదువరికి ‘ప’కూ ‘ష’కూ ఉన్నంత తేడా అది, హడావుడిలో కంటికి ఆనదు. ప్రోజ్‌లోని బ్లూ బోర్డు వంటి, ఏజెన్సీలకు అనువాదకులు మార్కులు వేసే చోట్ల ఆ ఏజెన్సీకి మంచి మార్కులే ఉంటాయి. ఆ మార్కులు పేరుకు వచ్చినవి, మెయిల్ పంపినవారికి వచ్చినవి కావు. ఈ తేడాను మరిచిపోయినవారు రేటింగ్ చూసి మరీ మోసపోతారు.

డొమైన్ వయసు ఇక్కడ నమ్మదగిన ఆధారం. 2018లో ఐరోపా గోప్యతా నిబంధనలు అమల్లోకి వచ్చాక డొమైన్ యజమానుల పేర్లు చాలావరకు దాచేశారు గాని, చాలా డొమైన్లకు నమోదు తేదీ ఇప్పటికీ కనిపిస్తుంది. ‘ఇరవై ఏళ్ల అనుభవం’ గల ఏజెన్సీ డొమైన్ పోయిన నెలలో పుట్టి ఉంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు.

దీనికి అద్దం లాంటి మోసం మరొకటి ఉంది. అనువాదకుడి మెయిల్‌బాక్స్‌లోకి చొరబడి, అతని పేరుతో ఏజెన్సీకి “నా బ్యాంకు ఖాతా మారింది” అని రాస్తారు. ఇది పెద్ద కంపెనీల మీద జరిగే నేరానికి చిన్న రూపం. వ్యాపార మెయిళ్లను హస్తగతం చేసుకుని చేసే మోసాల వల్ల 2023లో తమకు అందిన ఫిర్యాదుల్లోనే సుమారు 290 కోట్ల డాలర్ల నష్టం నమోదైందని అమెరికా ఎఫ్‌బీఐ లెక్క. పెద్ద కంపెనీకి బీమా ఉంటుంది. ఇక్కడ ‘మేం కట్టేశాం’ అనే ఏజెన్సీకీ, ‘నాకు రాలేదు’ అనే అనువాదకుడికీ మధ్య పరిచయం తెగిపోవడమే మిగులుతుంది.

జోడించిన ఫైలు

అనువాదానికి వచ్చే పని తరచు జిప్ ఫైలులో వస్తుంది. మూల పాఠం, పదకోశం, పాత అనువాదాలను దాచిన ఫైలు (ట్రాన్స్‌లేషన్ మెమరీ), సూచనలు అన్నీ ఒక కట్టగా ఉంటాయి. ఆ కట్టలో వైరస్ ఒకటి చేరితే ప్రత్యేకంగా కనిపించదు. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను మెయిల్‌లోనే రాసి పంపడం ఒక ఎత్తు. గోప్యత కోసం అంటారు. తాళం వేసిన ఫైలు లోపలికి యాంటీవైరస్ చూడలేదన్నదే నిజమైన కారణం.

ఫైలు పేర్లతో ఆడే ఆటల్లో ఒకటి ఈ వృత్తివారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. అరబిక్, హీబ్రూ వంటి కుడి నుంచి ఎడమకు రాసే లిపుల కోసం యూనికోడ్‌లో కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంది, దాని సంఖ్య 202ఇ. పేరు మధ్యలో దాన్ని పెడితే అక్కడి నుంచి అక్షరాలు తలకిందుల వరుసలో కనిపిస్తాయి. ఫైలు నిజమైన తోక ‘ఈఎక్స్ఈ’, అంటే నడిచే ప్రోగ్రాము. దానికి ముందు ‘పీడీఎఫ్’ను వెనక నుంచి ముందుకు రాసి, ఆ అదృశ్య అక్షరాన్ని వాటి ముందు ఉంచుతారు. తెర మీద వరుస తిరగబడి, పేరు ‘పీడీఎఫ్’తో ముగిసినట్టు కనిపిస్తుంది. ‘ఈఎక్స్ఈ’ని తిరగేసినా ‘ఈఎక్స్ఈ’నే కావడంతో అది పేరు మధ్యలో ఏదో సంకేతంలా ఒదిగిపోతుంది. లిపుల వైవిధ్యం కోసం చేసిన ఏర్పాటు లిపులతో బతికేవారి మీదకే ఆయుధమైంది.

ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలోని మాక్రోలను (ఫైలు లోపలే ఉండి నడిచే చిన్న ప్రోగ్రాములను) 2022 నుంచి మైక్రోసాఫ్ట్ అడ్డుకోవడం మొదలుపెట్టాక, మోసగాళ్లు డిస్క్ ఇమేజ్, షార్ట్‌కట్ ఫైళ్ల వైపు మళ్లారు. ‘ఫైలు పెద్దది, ఈ లింకులో మీ ఈమెయిల్ పాస్‌వర్డ్‌తో తెరవండి’ అనే నకిలీ లాగిన్ పేజీలకు ఆ శ్రమ కూడా అవసరం లేదు. పోయేది అనువాదకుడి పాస్‌వర్డ్ ఒక్కటే కాదు. ఆ మెయిల్‌బాక్స్‌లో ఇతరుల ఒప్పందాలు, రోగుల వైద్య నివేదికలు, ఇంకా బయటికి రాని పేటెంట్ దరఖాస్తులు ఉంటాయి.

కాపలా ఎంతవరకు?

ఈమెయిల్‌ను చేరవేసే ప్రాథమిక నియమాలు 1982 నాటివి. అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్నవారంతా దాదాపు ఒకరికొకరు తెలిసినవారే. కవరు మీద పంపినవారి పేరు ఎవరు ఏది రాసినా తపాలా బంట్రోతు అడగనట్టే, ఈ నియమాలూ అడగలేదు. తర్వాత వచ్చిన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ఏర్పాట్లు ఆ లోటును కొంత పూడ్చాయి. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారు వీటిని తప్పనిసరిగా పాటించాలని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పట్టుబడుతున్నాయి.

ఇవి చెప్పేది ఒక్కటే: ఈ ఉత్తరం నిజంగా ఫలానా డొమైన్ నుంచే బయలుదేరింది. ఆ డొమైన్ మంచివారిదా, రాసిన మనిషి తాను చెప్పుకున్న మనిషేనా అన్నది వాటి పరిధిలో లేదు. మోసగాడు తెరిచిన కొత్త జీమెయిల్ ఖాతా ఈ పరీక్షలన్నింటిలోనూ నెగ్గుతుంది. ఒక్క అక్షరం తేడాతో కొన్న డొమైన్ కూడా నెగ్గుతుంది.

తప్పులు లేని మెయిళ్ల కాలం

మోసపు మెయిళ్లు ఎందుకంత నమ్మశక్యం కాకుండా ఉంటాయన్న ప్రశ్నకు 2012లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ ఒక జవాబిచ్చారు. మెయిల్ పంపడానికి ఖర్చు లేదు, సమాధానం ఇచ్చిన ప్రతివారితోనూ సంభాషణ నడపడానికి మాత్రం ఖర్చు ఉంది. కాబట్టి సగంలో తెలివి తెచ్చుకుని వెళ్లిపోయేవారిని మొదట్లోనే వడగట్టాలి. నమ్మశక్యంకాని కథ ఆ జల్లెడ పని చేస్తుంది. అందరూ నవ్వుకునే మెయిల్‌కు కూడా జవాబిచ్చినవారు చివరిదాకా వస్తారు.

చెక్కు మోసానికి ఈ లెక్క సరిపోతుంది. భాష పేరు కూడా చెప్పని మెయిల్‌కు జవాబిచ్చారంటే, పని కోసం ఆశగా ఎదురుచూస్తున్న కొత్తవారై ఉండవచ్చు. నకిలీ ఏజెన్సీకి, రెజ్యూమే దొంగకు మాత్రం ఇది వర్తించదు. వారు అనుభవజ్ఞులను నమ్మించాలి కాబట్టి మొదటి వాక్యం నుంచే నిఖార్సుగా కనిపించాలి. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ పని తేలికైంది. ఎదుటివారి ప్రొఫైల్ చదివి, వారి రంగం, వారి భాషలు ప్రస్తావిస్తూ, తప్పులేని భాషలో మెయిల్ రాయించడం నిమిషాల పని.

మెయిల్‌లోని భాషను బట్టి మోసాన్ని పసిగడతామన్న ధీమా అనువాదకుల్లో ఇతరుల కంటే ఎక్కువ. నిజానికి అది ఎప్పుడూ గట్టి పరీక్ష కాదు. ఇంగ్లిష్ మాతృభాష కాని నిజాయితీపరులైన క్లయింట్లు తప్పులతోనే రాస్తారు. అనువాదకుడు కావాలని వారు వెతుక్కోవడానికి కారణం కూడా అదే కదా.

ఉచిత టెస్ట్ సంగతి

పెద్ద పుస్తకాన్ని 300 పదాల ముక్కలుగా కోసి, పని ఇచ్చే ముందు సామర్థ్యం చూసే ‘టెస్ట్’ పేరుతో వందమందికి పంచి ఉచితంగా పూర్తి చేయించుకుంటారన్న కథ ఈ వృత్తిలో బాగా ప్రచారంలో ఉంది. చెప్పుకున్నంత లాభసాటి మోసం కాదిది. వంద చేతులు పడ్డ పాఠంలో పదజాలం కలవదు, శైలి కలవదు. దాన్ని అతికి చదవదగ్గట్టు చేసే ఖర్చుకు మామూలుగానే చేయించుకోవచ్చు. చిన్న టెస్ట్‌ను చూసి బెదిరేకన్నా, టెస్ట్ అయ్యాక వచ్చే మొదటి పెద్ద ఆర్డరును జాగ్రత్తగా చూడాలి.

అపనమ్మకం ఖరీదు

ఈ మోసాలన్నీ కలిసి పెట్టిన ఖర్చులో పోయిన డబ్బు ఒక భాగమే. దొంగ రెజ్యూమేలతో విసిగిన ఏజెన్సీలు ఉచిత ఈమెయిల్ నుంచి వచ్చిన దరఖాస్తులు చూడటం మానేస్తున్నాయి, వీడియో కాల్ అడుగుతున్నాయి, మరిన్ని పత్రాలు అడుగుతున్నాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందంగా, ఎక్కువ పత్రాలు అడగడంతో ఎక్కువ పత్రాలు దొంగల చేతికి చేరుతున్నాయి. అటు అనువాదకులు రెజ్యూమేలు దాచేసుకుంటున్నారు. దాంతో అసలు క్లయింట్లకూ కనిపించకుండా పోతున్నారు. పేరు స్థిరపడినవారికి ఇది చికాకు మాత్రమే. ఎవరికీ తెలియని కొత్తవారికి మాత్రం తలుపే మూసుకుపోతోంది.

పనికీ డబ్బుకీ మధ్య ఉండే వ్యవధిని పూర్తిగా తీసేయడం కుదరదు గాని, అందులోని నష్టభయాన్ని పంచుకోవచ్చు. పెద్ద పనిని భాగాలుగా చేసి, మొదటి భాగం డబ్బు వచ్చాకే రెండోది మొదలుపెట్టడం ఒక దారి. కొత్త క్లయింటును సగం ముందుగా అడగడం మరొకటి. ఏజెన్సీ పేరుతో మెయిల్ వస్తే ఆ మెయిల్‌లోని నంబరుకు కాకుండా, విడిగా వెతికి పట్టుకున్న అసలు వెబ్‌సైటులోని నంబరుకు ఫోను చేయడానికి రెండు నిమిషాలు పట్టదు. ఎక్కువొచ్చిన సొమ్ము విషయంలో చెక్కును జమ చేయకుండా తిప్పి పంపడం, ఆన్‌లైన్‌లో వస్తే వచ్చిన దారినే మొత్తం రద్దు చేయించడం మినహా వేరే మార్గం లేదు. తేడాను మూడో వ్యక్తికి పంపమని నిజమైన క్లయింటు ఎవరూ అడగరు.

మొదట చూసిన 14 పేజీల మెయిల్‌కు అనుభవజ్ఞులు ఇచ్చే జవాబు రెండు వాక్యాలకు మించదు. “ఏ భాష నుంచి ఏ భాషలోకి? చెల్లింపు బ్యాంకు బదిలీ ద్వారా, సగం ముందుగా.” దానికి మహా అయితే చెక్కు ఒక్కటే కుదురుతుందని ఒక మెయిల్ వస్తుంది. ఎక్కువసార్లు అదీ రాదు.